నలభై అయిదు దాటాక పొడిబారే చర్మం: తక్కువ ఖర్చులో ఏం మార్చుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఖమ్మంలో మా మెడికల్ షాపు కౌంటర్ దగ్గర నేను కూర్చోవడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది. బీఫార్మసీ చదివాను, స్కిన్ డాక్టర్ని కాదు. నాకిప్పుడు యాభై. అప్పటిదాకా షాపులో చేతిలో పని ఆపకుండా జవాబు చెప్పేసిన ప్రశ్నలు, నా చర్మమే పొడిబారడం మొదలయ్యాక నా సొంత ప్రశ్నలయ్యాయి. టీచర్లు, అంగన్‌వాడీ వాళ్లు, మిర్చి యార్డులో పనిచేసే అక్కలు, మా వదినలు రోజూ అడిగేవే ఇక్కడ రాస్తున్నాను. చాలామందికి కావలసింది కొత్త ఖర్చు కాదు, ఇప్పుడు పెడుతున్న డబ్బునే ఒక చోట తీసి ఇంకో చోట పెట్టడం.

ఇన్నాళ్లూ ఏమీ రాయకపోయినా బాగానే ఉంది కదా, ఇప్పుడే ఎందుకిలా అయింది?

మీరు చేసిన తప్పు ఏమీ లేదు, ముందు అది తెలుసుకోండి. మన దేశంలో ఆడవాళ్లకి నెలసరి ఆగిపోయే వయసు సగటున 46, 47. దానికి కొన్నేళ్ల ముందు నుంచే ఈస్ట్రోజన్ ఒక నెల ఎక్కువా ఒక నెల తక్కువా అవుతూ చివరికి పడిపోతుంది. చర్మంలో నూనె ఊరడం తగ్గుతుంది, పైపొరలో తేమను పట్టి ఉంచే సిరామైడ్ల లాంటి కొవ్వులు తగ్గుతాయి, లోపల చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ కూడా తగ్గుతుంది. నెలసరి ఆగిన మొదటి అయిదేళ్లలోనే ఈ కొల్లాజెన్ సుమారు 30 శాతం దాకా పోతుందని వైద్య పుస్తకాల్లో రాస్తారు. మట్టి ఇంటిని వారం వారం అలుకుతున్నంత కాలం నేల నున్నగా ఉంటుంది, అలకడం ఆపేస్తే పెళ్లలు లేస్తాయి కదా, చర్మమూ అంతే. ఇన్నాళ్లూ లోపలి నుంచి ఒళ్లే అలుక్కుంది. ఇప్పుడు ఆ పని కొంత మనం బయటి నుంచి చేయాలి.

నెలకు అయిదు వందలు మించి పెట్టలేను. ముందు దేనికి పెట్టాలి?

అయిదు వందలు చాలు. వరుస మాత్రం తప్పొద్దు: మొదట సబ్బు మార్చండి, తర్వాత ఒక మంచి మాయిశ్చరైజర్, తర్వాత సన్‌స్క్రీన్. ఈ మూడూ రెండు నెలలు సరిగ్గా సాగాకే ముడతలకో మచ్చలకో ఇంకో మందు గురించి ఆలోచించండి.

ఈ మాట ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఒకావిడ ఒకసారి తన సామానంతా ఒక బట్టల కవర్లో తెచ్చి కౌంటర్ మీద పోసింది. నైట్ క్రీమ్, అండర్ ఐ జెల్, రెండు రకాల సీరం, స్క్రబ్, పీల్ ఆఫ్ మాస్క్, టోనర్, ఇంకేవో కలిపి పదకొండు వస్తువులు, తక్కువలో తక్కువ నాలుగు వేల రూపాయల సామాను. ముఖం దేనితో కడుగుతారని అడిగితే, ఇంట్లో అందరూ వాడే పది రూపాయల సబ్బుతో, రోజుకు నాలుగుసార్లు. సన్‌స్క్రీన్ లేదు. ఆవిడ ముఖం మీద బుగ్గలు బిగుసుకుపోయి, నవ్వితే కళ్ల పక్కన సన్నటి తెల్లటి గీతలు పడుతున్నాయి. పదకొండులో తొమ్మిది పక్కన పెట్టించి సబ్బు మార్పించాను. నెల తర్వాత వచ్చినప్పుడు ఆ బిగుతు లేదు.

లెక్క చూసుకుంటే, 250 నుంచి 400 రూపాయల మాయిశ్చరైజర్ ఒక్క ముఖానికే అయితే రెండు నెలలు వస్తుంది. 50 గ్రాముల సన్‌స్క్రీన్ 350 నుంచి 500 మధ్య ఉంటుంది, రోజుకొకసారి సరిపడా రాస్తే నెలన్నర దాకా వస్తుంది. నురగ రాని క్లెన్సర్ ఒక సీసా మూడు నెలలు. అంతే.

సబ్బు పూర్తిగా మానేయాలా?

ముఖానికి మానేయండి. మన చర్మం కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది, దాని పీహెచ్ దాదాపు 5 (పీహెచ్ 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం). మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10. చిన్న వయసులో కడిగిన గంట రెండు గంటల్లో చర్మం మళ్లీ సర్దుకునేది, ఇప్పుడు అంత తొందరగా సర్దుకోదు. సబ్బు లేని క్లెన్సింగ్ లోషన్, లేదా సిండెట్ బార్ అని, చూడడానికి సబ్బులాగే ఉండి సబ్బు కానిది దొరుకుతుంది, అది తీసుకోండి. రోజుకు ఒక్కసారి, అదీ సాయంత్రం. పొద్దున ఉత్త నీళ్లు చాలు.

ఒంటికి సబ్బు వాడతాం కాబట్టి కవర్ మీద టీఎఫ్ఎమ్ అన్న అంకె చూడండి, సబ్బులో కొవ్వు పదార్థం ఎంత శాతమో అది చెప్తుంది. 76 శాతం పైన ఉంటే గ్రేడ్ 1, 70 ఉంటే గ్రేడ్ 2, 60 అయితే గ్రేడ్ 3. టాయిలెట్ సోప్ అని కాకుండా బాతింగ్ బార్ అని రాసి ఉంటే అందులో ఇంకా తక్కువ ఉండొచ్చు. ఒళ్లు పొడిబారినవాళ్లు గ్రేడ్ 1 తప్ప వేరేది తీసుకోకండి, దాన్ని కూడా చంకలకూ గజ్జలకూ పాదాలకూ వాడితే చాలు, చేతులకూ కాళ్లకూ రోజూ సబ్బు అక్కర్లేదు.

ఇంకో సంగతి బోరు నీళ్లు. ఉప్పు నీళ్లలో సబ్బు సరిగ్గా నురగ రాదు, వచ్చిందీ సరిగ్గా వదలదు, ఆ జిడ్డు చర్మం మీదే పొరలా ఉండిపోతుంది, అది ఆరాక దురద. బకెట్ అడుగున తెల్లగా పేరుకుంటుందే, అదే. ఇంట్లో తాగే నీళ్లకి ఫిల్టర్ ఉంటే ఒక చెంబెడు పట్టుకుని ముఖం వరకు ఆ నీళ్లతో కడిగి చూడండి. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు, కాగే నీళ్లు వద్దు.

మరి సున్నిపిండి, శనగపిండి?

సున్నిపిండి మీద నాకు ప్రేమే. కానీ పొడి చర్మానికి పొడి పిండి పెట్టి రుద్దితే ఉన్న కాస్త జిడ్డూ పిండి పీల్చేస్తుంది. పెద్దవాళ్లు ముందు నువ్వుల నూనె పట్టించి అరగంట నాననిచ్చి తర్వాత సున్నిపిండి రుద్దేవాళ్లు, మనం నూనె వదిలేసి పిండి ఒక్కటే పట్టుకున్నాం. వారానికొకసారి, నూనె మీద, ఒంటికి మాత్రమే. ముఖానికి కావాలంటే మెత్తగా జల్లించిన పెసరపిండిలో పాల మీగడ కలిపి, రుద్దకుండా పూసి, ఆరకముందే కడిగేయండి. ముల్తానీ మట్టి జిడ్డు చర్మం వాళ్లది, మనకు వద్దు. నిమ్మకాయ అసలు వద్దు: దాని పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, పైగా నిమ్మరసం ఉన్న చోట ఎండ పడితే చర్మం కాలినట్టయి నెలల తరబడి నల్ల మచ్చ ఉండిపోతుంది.

గ్లిజరిన్ చవక కదా, అదే రాసుకోవచ్చా?

రాసుకోవచ్చు. ఖరీదైన చాలా క్రీముల్లో కూడా నీళ్ల తర్వాత రెండో పేరు అదే ఉంటుంది. చిక్కగా ఉన్నది ఉన్నట్టు రాస్తే జిగటగా ఉండి కొందరికి మండుతుంది, అందుకని ఒక వంతు గ్లిజరిన్‌కి మూడు నాలుగు వంతుల నీళ్లు కాచి చల్లార్చి కలపండి. కొంచెమే కలిపి ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో అయిపోగొట్టాలి, ఎందుకంటే ఇంట్లో కలిపినదాంట్లో పాడవకుండా ఆపే మందు ఉండదు.

గ్లిజరిన్ తేమను లాగి పట్టుకుంటుంది గాని దాన్ని గాలికి పోకుండా ఆపలేదు. మే నెలలో ఖమ్మం, కొత్తగూడెం, రామగుండం వైపు వీచే వడగాలిలోనూ, రాత్రంతా ఏసీలోనూ అదొక్కటే రాసుకుంటే తెల్లారేసరికి మళ్లీ బిగుసుకుపోతుంది. అందుకే పైన మూత కావాలి. తడి ముఖం మీద గ్లిజరిన్ నీళ్లు, దాని మీద మాయిశ్చరైజర్, మరీ పొడిగా ఉన్న చోట, అంటే కళ్ల పక్కన, మూతి చుట్టూ, ఒక బియ్యపు గింజంత పెట్రోలియం జెల్లీ. ఈ జెల్లీకి అమెరికాలో పేటెంట్ వచ్చింది 1872లో, ఇన్నేళ్లయినా నీరు ఆవిరైపోకుండా ఆపడంలో దాన్ని మించినది అంత చవకలో రాలేదు. మొటిమలు వచ్చే చోట మాత్రం పల్చగా రాయండి.

కొబ్బరి నూనె, నువ్వుల నూనె సరిపోవా?

ఒంటికి బ్రహ్మాండంగా సరిపోతాయి. స్నానం అయ్యాక తువ్వాలుతో అద్ది, ఇంకా తడి ఉండగానే మూడు నిమిషాల్లోపు రాసేయండి. పూర్తిగా ఆరిన చర్మం మీద నూనె రాస్తే నిగనిగ కనిపిస్తుంది గాని లోపల పట్టి ఉంచడానికి తేమే లేదు. ముఖానికి కొబ్బరి నూనె కొందరికి పడుతుంది, కొందరికి నుదుటి మీద చిన్న చిన్న పొక్కులు వస్తాయి, అలా వస్తే ఆపేయండి. ఆలివ్ నూనె ఖరీదెక్కువ, అందులో ఓలిక్ ఆమ్లం ఎక్కువ కాబట్టి పొడి చర్మానికి ఒక్కోసారి ఇంకా చేటే చేస్తుంది, దానికి డబ్బు పెట్టకండి.

మాయిశ్చరైజర్ ఏది చూసి కొనాలి?

డబ్బా ముందువైపు కాదు, వెనకవైపు చూడండి. పదార్థాల పేర్లు ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. మొదటి ఆరేడు పేర్లలో గ్లిజరిన్ ఉండాలి. ఆ తర్వాత పెట్రోలేటం, లిక్విడ్ పారఫిన్, డైమెథికోన్, షియా బటర్, వీటిలో ఒకటో రెండో ఉండాలి. సిరామైడ్లు ఉంటే ఇంకా మంచిది. బంగారం, కుంకుమపువ్వు, ముత్యాలు అని ముందు బొమ్మ వేసి, వెనక అవి చిట్టచివర, సువాసన పేరు కన్నా తర్వాత ఉంటే ఆ డబ్బు బొమ్మకే. సువాసన లేనిది దొరికితే అదే తీసుకోండి.

మెడికల్ షాపుల్లో వైట్ సాఫ్ట్ పారఫిన్, లైట్ లిక్విడ్ పారఫిన్ కలిపిన తెల్ల క్రీమ్ ట్యూబులు ఉంటాయి. చంటిపిల్లలకీ, ఎగ్జిమా ఉన్నవాళ్లకీ డాక్టర్లు రాసేవి. ఏ ప్రకటనలోనూ కనబడవు, వాసన ఉండదు, చవక. నేను రాత్రిళ్లు వాడేది ఇదే. విజయవాడ, విశాఖ వైపు ఉక్కపోతలో ఇది బరువనిపిస్తే పగలు లోషన్ వాడి రాత్రికి క్రీమ్ ఉంచుకోండి.

నేను ఇంట్లోనే ఉంటాను, నాకు సన్‌స్క్రీన్ ఎందుకు?

మొత్తం మీద ఒక్క ప్రశ్నకే జవాబు గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. ముడతలకూ మచ్చలకూ వయసు ఒక కారణం, దానికన్నా పెద్ద కారణం ఎండ. నమ్మకం లేకపోతే మీ ముంజేయి పైభాగాన్నీ, జాకెట్టు కింద ఎప్పుడూ ఎండ తగలని చోటునీ పక్కపక్కన చూసుకోండి. రెండూ ఒకే వయసువి.

ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలను కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది, కొల్లాజెన్‌ని పాడుచేసే యూవీఏ మాత్రం అద్దంలోంచి వచ్చేస్తుంది. వంటగది కిటికీ పక్కన రోజూ రెండు గంటలు, బస్సులో కిటికీ సీటు, డాబా మీద వడియాలు పెట్టడం, బట్టలు ఆరేయడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. మంగు మచ్చలున్నవాళ్లకి మామూలు వెలుతురు, పొయ్యి వేడి కూడా మచ్చను పెంచుతాయి.

ఎస్‌పీఎఫ్ 30 ఉంటే యూవీబీ 97 శాతం ఆగుతుంది, 50 ఉంటే 98. తేడా ఒక్క శాతమే కాబట్టి 100 అని రాసినదానికి రెట్టింపు డబ్బు పెట్టకండి. పీఏ పక్కన ప్లస్ గుర్తులు కనీసం మూడు ఉండాలి, యూవీఏ నుంచి కాపాడేది ఎంతో అదే చెప్తుంది. ఎంత రాయాలంటే, చూపుడు వేలు, మధ్య వేలు రెండింటి పొడవునా గీత గీసినంత, ముఖానికీ మెడకీ కలిపి. చాలామంది శనగ గింజంత రాసి పనిచేయలేదంటారు. అంత తక్కువ రాస్తే 50 అని రాసినదానికి 50 రాదు. తెల్లగా బూడిద పూసినట్టు కనిపిస్తుందని బాధపడేవాళ్లు జెల్ రకం గాని, ఐరన్ ఆక్సైడ్ కలిసిన చర్మపు రంగు రకం గాని చూడండి. మంగు ఉన్నవాళ్లకి ఈ రంగుదే మేలు, ఎందుకంటే వెలుతురును కూడా కొంత అడ్డుకునేది అదే.

రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలన్నది ఎండలో ఉన్నవాళ్లకి. ఇంట్లో ఉంటే పొద్దున ఒకసారి, ఎండలోకి వెళ్లే ముందు ఒకసారి చాలు. అసలు కొనలేమంటే గొడుగు, ముఖాన్ని కప్పే నూలు చున్నీ వాడండి, అవి కూడా రక్షణే. పదకొండు నుంచి మూడు దాకా ఎండలో పని పెట్టుకోకుండా ఉండగలిగితే అది అన్నింటికన్నా చవక. రోహిణి కార్తెలో ఎలాగూ తప్పదు, మిగతా రోజుల్లో కూడా ఆ అలవాటే ఉంచుకోండి.

రెటినాల్, ట్రెటినాయిన్ అంటున్నారు, అవి నిజంగా పనిచేస్తాయా?

చేస్తాయి. పూత మందుల్లో ముడతల మీద ఎక్కువ కాలం పరీక్షకు నిలిచినవి ఇవే. ట్రెటినాయిన్ విటమిన్ ఏ నుంచి వచ్చిన ఆమ్లం. అమెరికాలో 1971లో మొటిమల మందుగా వచ్చింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే స్కిన్ డాక్టర్ దగ్గర మొటిమలకు వాడిన పెద్ద వయసు ఆడవాళ్లు తమ ముడతలు తగ్గి చర్మం నున్నబడుతోందని చెప్పారు, ఆయన బృందం 1986లో ఎండకు ముదిరిన చర్మం మీద దాని ఫలితాలు ప్రచురించింది. మన దగ్గర ఇది డాక్టర్ చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన మందు. ట్యూబు ఖరీదు రెండు మూడు వందల్లోపే ఉంటుంది. ఖరీదైన యాంటీ ఏజింగ్ డబ్బా కన్నా చవకైన ఈ ట్యూబే ఎక్కువ పని చేస్తుంది. రెటినాల్ చీటీ లేకుండా దొరుకుతుంది, దాని బలం తక్కువ, పని నిదానం.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మా మేనకోడలి పెళ్లికి మూడు వారాల ముందు 0.05 శాతం ట్రెటినాయిన్ మొదలుపెట్టి రోజూ రాత్రి రాశాను. నేనే అందరికీ మందులు చెప్పేదాన్ని, నాకేమవుతుందిలే అనుకున్నాను. అయిదో రోజుకి ముక్కు పక్కలా మూతి చుట్టూ పొలుసులు లేచాయి, మంచినీళ్లు తగిలినా చురుక్కుమనేది. అయినా ఆపలేదు. నలుగు పెట్టే రోజున అందరితో పాటు నా బుగ్గలకీ పసుపు పూశారు, నిప్పు తగిలినట్టు మండింది, లోపలికెళ్లి కడుక్కుని ఏడ్చాను. ఫోటోల్లో ఎర్రటి ముఖం. తగ్గడానికి నెల పట్టింది.

ఆ తర్వాత డాక్టర్ని కలిసి 0.025 శాతంతో మళ్లీ మొదలుపెట్టాను. ఆ పద్ధతి ఇది. ముఖం కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, ఇరవై నిమిషాలు ఆగాలి, మాయిశ్చరైజర్ రాయాలి, దాని మీద ముఖం మొత్తానికీ కలిపి ఒక బఠాణీ గింజంత మందు, మళ్లీ పైన మాయిశ్చరైజర్. మొదటి నెల వారానికి రెండు రాత్రులే, సోమవారం గురువారం అని పెట్టుకున్నాను. రెండో నెల మూడు రాత్రులు. ఇప్పటికీ నేను రోజూ రాయను, నాలుగు రాత్రులకి ఆగిపోయాను, నా చర్మానికి అంతే చాలు. కనురెప్పలకూ పెదవుల మూలలకూ తగలనివ్వొద్దు. పొద్దున సన్‌స్క్రీన్ రాసే అలవాటు లేకపోతే దీన్ని అసలు మొదలుపెట్టొద్దు. నెలసరి ఇంకా పూర్తిగా ఆగనివాళ్లు, గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు డాక్టర్‌కి ఆ సంగతి చెప్పి తీరాలి, గర్భంతో ఉండగా ఇది వాడకూడదు.

విటమిన్ సి సీరం, హైలురోనిక్ యాసిడ్, కొల్లాజెన్ పౌడర్?

విటమిన్ సి మంచిదే గాని మన ఎండలకి సీసా తెరిచిన కొన్నాళ్లకే రంగు మారుతుంది. టీ డికాక్షన్ రంగులోకి వస్తే పారేయండి. కొంటే చిన్న సీసా కొనండి. హైలురోనిక్ చేసే పని చాలావరకు గ్లిజరిన్ చేస్తుంది. వీటికన్నా నయాసినమైడ్ 5 శాతం నయం, చవక, వేడికి పాడవదు, మచ్చలకూ పైపొర బలపడడానికీ పనికొస్తుంది. కొల్లాజెన్ పౌడర్ కడుపులో ముక్కలు ముక్కలుగా అరిగిపోతుంది, తిన్నది నేరుగా వెళ్లి బుగ్గల్లో కూర్చోదు. నెలకు వెయ్యి పైన దానికి పెట్టే బదులు ఆ డబ్బుకి గుడ్లు, పప్పు, ఒక సన్‌స్క్రీన్ వస్తాయి.

మంగు మచ్చలకి పక్కింటావిడ ఇచ్చిన క్రీమ్ బాగా పనిచేస్తోంది, అదే వాడనా?

దయచేసి ఆపండి, ముందు అదేమిటో చూడండి. ఇది రాయడానికే నేను ఈ ప్రశ్నలన్నీ మొదలుపెట్టాను.

పోయిన వేసవిలో నలభై ఎనిమిదేళ్ల ఒకావిడ చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని వచ్చింది. తీసి చూపిస్తే రెండు బుగ్గలూ ఎర్రగా పలచబడి, లోపల దారాల్లాగా సన్నటి రక్తనాళాలు కనిపిస్తున్నాయి, దవడ పక్కన నూగు ముదురు వెంట్రుకలయ్యాయి. చేతిలో చిన్న తెల్ల డబ్బా, మూత మీద పువ్వు బొమ్మ తప్ప ఏమీ లేదు. పేరు లేదు, తయారీ లైసెన్స్ నంబరు లేదు, బ్యాచ్ లేదు, గడువు తేదీ లేదు. ఎనిమిది నెలలుగా రాస్తోంది. మొదటి పది రోజుల్లో తెల్లబడింది, మచ్చ తగ్గింది, చుట్టాలందరూ మెచ్చుకున్నారు. తర్వాత రెండు రోజులు రాయకపోతే మంట, దురద, ఎరుపు. దాంతో మళ్లీ రాయడం. స్టెరాయిడ్ క్రీమ్ ముఖానికి అలవాటైతే జరిగేది అచ్చం ఇదే.

క్లోబెటాసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, ట్యూబు మీద ఈ పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. మచ్చ రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లతో కలిపి ఒకే ట్యూబులో కూడా వస్తుంది. డాక్టర్లు మంగుకి దాన్ని కొన్ని వారాలు మాత్రమే రాస్తారు. జనం దాన్నే ఫేస్ క్రీమ్‌లా ఏళ్ల తరబడి పూస్తున్నారు. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లోకి పూర్తిగా తెచ్చింది. అయినా చీటీ లేకుండా అడిగితే ఇచ్చే చోట్లు ఉన్నాయి. నేను ఇవ్వను, అందుకు కొందరు కోపంగా వెళ్లిపోతారు, అయినా ఇవ్వను.

పేరు లేని డబ్బాల్లో స్టెరాయిడ్ లేకపోతే పాదరసం ఉండొచ్చు. 2023లో కేరళలో మలప్పురం జిల్లాలో ఇలాంటి తెల్లబడే క్రీములు వాడినవాళ్లకి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ముఖానికి రాసింది ఒంట్లోకి వెళ్లదనుకోవద్దు.

నెలల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ముఖం భగ్గుమంటుంది, అప్పుడు భయపడి మళ్లీ అదే రాస్తారు. అందుకే ఆ డబ్బా పట్టుకునే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రైవేటుకి డబ్బు లేకపోతే జిల్లా ప్రభుత్వాసుపత్రిలో చర్మ విభాగం ఉందేమో అడగండి. మంగుకి అసలు మందు ముందు సన్‌స్క్రీనే, తర్వాత అజెలాయిక్ యాసిడ్ లాంటివి డాక్టర్ చెప్పినట్టు. పూర్తిగా పోతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. తగ్గుతుంది, ఎండ తగిలితే మళ్లీ వస్తుంది, మళ్లీ తగ్గించుకోవాలి.

పార్లర్లో బ్లీచ్, ఫేషియల్?

పొడి చర్మానికి బ్లీచ్ వద్దు. ఫేషియల్‌లో హాయి ఉంటుంది, కాదనను, రెండు నెలలకొకసారి చేయించుకుంటే నష్టం లేదు, స్క్రబ్, ఆవిరి తక్కువ చేయమని చెప్పండి. ట్రెటినాయిన్ వాడుతుంటే వారం ముందే ఆపి వెళ్లండి, పై పెదవికి వ్యాక్స్ మాత్రం అసలు చేయించుకోవద్దు, పైచర్మం ఊడి వస్తుంది.

మెడ నల్లబడుతోంది, కళ్ల కింద చిన్న చిన్న నల్ల పులిపిర్లు వస్తున్నాయి. రుద్దితే పోతాయా?

మెడ వెనక, చంకల్లో ముఖమల్ గుడ్డలా మందంగా నల్లబడితే అది మురికి కాదు. షుగర్ వచ్చే ముందో, బరువు పెరిగినప్పుడో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే అలా అవుతుంది. పీచు పెట్టి రుద్దకండి, షుగర్ పరీక్ష చేయించుకోండి. బుగ్గల మీద, కళ్ల కింద వచ్చే చిన్న నల్ల పులిపిర్లు మన రంగు చర్మాల్లో వయసుతో మామూలే, చాలా ఇళ్లలో తల్లికుంటే కూతురికీ వస్తాయి, ప్రమాదం లేదు. సున్నం, సోడా పెట్టి కాల్చేవాళ్లున్నారు, పులిపిరి పోయి గుంట మిగులుతుంది. డాక్టర్ దగ్గర కాటరీతో, అంటే కరెంటు వేడితో తీసేసే పద్ధతిలో, కొన్ని నిమిషాల పని. ఏదైనా మచ్చ తొందరగా పెరుగుతున్నా, రక్తం కారుతున్నా, అంచులు వంకరగా ఉన్నా మాత్రం ఆలస్యం చేయొద్దు.

ముఖం సరే, చేతులు, మడమలు పగిలిపోతున్నాయి.

మిర్చి సీజన్లో యార్డు నుంచి వచ్చే అక్కలు చేతులు చాపి చూపిస్తారు. వేళ్ల కణుపుల దగ్గర పగుళ్లు, అందులో మిరప ఘాటు. నీళ్లతో కడిగితే ఆ ఘాటు పోదు, ఎందుకంటే మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, నీళ్లలో కాదు. ముందు వంట నూనె రాసి గుడ్డతో తుడిచి, అప్పుడు సబ్బుతో కడగాలి. పనికి వెళ్లే ముందు పెట్రోలియం జెల్లీ రాసి గ్లవ్స్ వేసుకుంటే పగుళ్లు చాలావరకు ఆగుతాయి.

మడమలకు యూరియా క్రీమ్ అడగండి, 10 శాతం మామూలు పొడికి, 20 శాతం గట్టిపడిన చర్మానికి. రాత్రి కాళ్లు గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు పెట్టి, తుడిచి, క్రీమ్ రాసి నూలు సాక్సులు వేసుకుని పడుకోండి. పగులు లోతుగా ఉండి రక్తం వస్తే యూరియా మండుతుంది, అది మానేదాకా పెట్రోలియం జెల్లీ చాలు. షుగర్ ఉన్నవాళ్లు పగుళ్లను బ్లేడుతో గీక్కోవద్దు. నేను చూశాను, చిన్న గీత పుండయి నెలలు మానలేదు.

నీళ్లు ఎక్కువ తాగితే పొడి తగ్గదా?

ఒంట్లో నీరు తక్కువైతే తాగాలి, మన ఎండలకి తప్పదు. కానీ పైపొర పొడి తాగిన నీళ్లతో తగ్గదు, పైన రాసేదానితోనే తగ్గుతుంది.

ఎంత రాసినా పొడి తగ్గడం లేదు. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

నెల రోజులు సబ్బు మార్చి, రోజుకు రెండుసార్లు మాయిశ్చరైజర్ రాసినా తగ్గకపోతే ఒకసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి. పొడి చర్మంతో పాటు బరువు పెరగడం, మలబద్ధకం, జుట్టు రాలడం, ఎప్పుడూ నీరసం, చలి తట్టుకోలేకపోవడం ఉంటే థైరాయిడ్ తక్కువగా ఉండొచ్చు. ఈ వయసులో ఆడవాళ్లు వీటన్నింటినీ వయసు మీద తోసేసి ఊరుకుంటారు, నేనూ ఏడాది ఊరుకున్నాను. దద్దుర్లు లేకుండా ఒళ్లంతా దురద పెడుతుంటే షుగర్, లివర్, కిడ్నీ పరీక్షలు కూడా డాక్టర్ రాస్తారు, చేయించుకోండి.

ఈ వయసులో ఇదంతా ఎందుకని ఇంట్లో అంటున్నారు.

మా ఇంట్లోనూ అన్నారు. రాత్రి దురదతో నిద్ర పట్టకపోవడం, నవ్వితే చర్మం చిట్లినట్టు అనిపించడం, ఎండలోకి వెళ్తే మండడం, ఇది సింగారం సంగతి కాదు. మోకాళ్లు నొప్పి పెడితే మందు రాసుకోవడానికి ఎవరి అనుమతీ అడగం కదా.

ఎన్నాళ్లకి తేడా కనిపిస్తుంది?

సబ్బు మార్చిన తేడా వారంలో, మాయిశ్చరైజర్‌ది రెండు వారాల్లో తెలుస్తుంది. మచ్చలకి సన్‌స్క్రీన్‌తో కలిపి కనీసం మూడు నెలలు. ట్రెటినాయిన్‌కి నాలుగు నుంచి ఆరు నెలలు, అందులో మొదటి నెల ముఖం ముందుకన్నా పాడైనట్టే ఉంటుంది. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెట్టొద్దు, ఏది పడింది ఏది పడలేదు తెలియదు. ఏ కొత్తదైనా ముందు చెవి వెనక నాలుగు రాత్రులు రాసి చూడండి. అద్దంలో రోజూ చూసుకుంటే తేడా పట్టుకోలేరు కాబట్టి ఈరోజే, పొద్దున ఎనిమిదికి, ఒకే కిటికీ పక్కన నిలబడి ఫోన్లో ఒక ఫోటో తీసుకోండి. తేదీ డబ్బా మూత మీద పెన్నుతో రాసుకోండి. నెల తర్వాత అదే టైముకి, అదే కిటికీ దగ్గర ఇంకోటి.